విశ్వకిరణములు – మన దేహము

ఢిల్లీ నగరమునకు ఉత్తర దిశను, యమునానదికి చేరువగా, తిమార్‌పూరు అను పేట కలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఆ పేరు క్రొత్తది గాదు. పాత సచివాలయ భవనమునకు అల్ప దూరమున నున్న ఆ క్వార్టర్లలో కాపురము చేసిన తెలుగు కుటుంబములు మన సంఘమున పెక్కు కలవు. నా బాల్యమును అచ్చటనే గడచినది. సాయంకాలము కూరగాయలకై మా నాయనగారి వెంట పోవునపుడు ఒక పొడవైన గోడ ప్రక్కగా నడచుచుండెడివారము. గోడకు లోపల చెట్లు, చెట్ల నడుమ భవనములు. లోపల నేమి చేయుదురని నేనడుగగా, “థైరాయిడు చూస్తారు” అని మా నాయనగారు క్లుప్తముగా చెప్పెడివారు.

మా అమ్మగారికి కంఠమున వాపు కనబడినపుడు ఆ గోడ లోపలికే కొనిపోయిరి. ఆమెకు అయొడిను మందు త్రాగించి, కొన్ని దినములు పిల్లలను దగ్గరకు రానీయవలదని చెప్పి పంపిరి. అమ్మ వేరొక గదిలో పండుకొనెడిది. నేను గడప కడ నిలిచి కథ చెప్పుమని అడిగెడివాడను. ఆమె అంత దూరము నుండియే చెప్పెడిది. ఆమె దేహము నుండి కంటికి కానరాని దేదో వెలువడుచున్నదనియు, అది నాకు మంచిది గాదనియు మాత్రమే నాకు తెలిసినది. రేడియో ధార్మికత అను మాటను నేను పుస్తకమున చదువుటకు పూర్వమే గడప కడ నేర్చుకొంటిని.

ఆ సంస్థ పేరు అణువైద్య, అనుబంధ శాస్త్రముల సంస్థ. ఢిల్లీలో దానిని ‘ఇన్‌మాస్’ అని పిలుతురు. ఇన్ని సంవత్సరములకు దాని చరిత్రను వెదకవలసిన అవసరము నాకు కలుగుటకు కారణము మా అమ్మాయి. 2025 జూన్ 25వ తేదీన మన వాయుసేన అధికారి శుభాంశు శుక్లా అంతరిక్షమునకు పోయి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున 18 దినములుండి, జూలై 15న తిరిగివచ్చెను. ఆ దినములలో మా ఇంట వేరు ప్రసంగము లేదు. అమ్మాయి పదునొకండవ తరగతి చదువుచు, తానును వ్యోమగామి కాగోరుచున్నది. ఒకనాటి రాత్రి భోజనమువేళ, “నాన్నా, పైన ఉన్నన్ని రోజులూ ఒంటికి ఎక్స్‌రే తగులుతూనే ఉంటుందట కదా. ఆ కారణం చెప్పి ఆడవాళ్లకు తక్కువ రోజులు ఇచ్చేవారట. నిజమేనా?” అని అడిగినది.

నేను చరిత్ర చదివి పట్టభద్రుడనైనవాడను. నా వృత్తి దస్త్రములపై నోట్లు వ్రాయుట. విజ్ఞానశాస్త్రమున నాకు ప్రవేశము తక్కువ. కాని ప్రతి నియమమునకును వెనుక ఒక దస్త్రముండుననియు, ఆ దస్త్రమునకు మొదటి పుట యొకటి యుండుననియు ఎరుగుదును. ఆ మొదటి పుటను వెదకుచు పోగా, అది అంతరిక్షమున గాక ఒక చేపల పడవ మీద దొరకినది.

1954 మార్చి 1వ తేదీన అమెరికావారు పసిఫిక్ మహాసముద్రమున బికినీ దీవి యొద్ద ఒక హైడ్రోజను బాంబును ప్రేల్చిరి. ఎంతో దూరమున చేపలు పట్టుచుండిన ‘లక్కీ డ్రాగన్’ అను జపాను పడవపై కొన్ని గంటల తరువాత తెల్లని బూడిద కురిసెను. పడవలోని 23 మందియు వ్యాధిగ్రస్తులైరి. వారిలో నొకడు ఆ సెప్టెంబరు నెలలో మరణించెను. బాంబు తాకిడి గాని, మంట గాని ఆ మనుష్యులను చేరలేదు. వారిని చేరినది బూడిద మాత్రమే. లోకమునకు భయము పుట్టించినది ఈ సంగతియే. ఏప్రిల్ 2న నెహ్రూ లోకసభలో ప్రసంగించుచు ఇట్టి పరీక్షలను నిలుపవలసినదని కోరెను. 1955 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వికిరణ ఫలితములను పరిశీలించుటకై ఒక శాస్త్రీయ సంఘమును నియమింపగా, అందలి 15 సభ్యదేశములలో భారతదేశమొకటి ఆయెను.

అప్పుడు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా నుండినవారు ఢిల్లీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యులు దౌలత్ సింగ్ కొఠారీ గారు. అణువిస్ఫోటనములు, వాటి ఫలితములు అను విషయముపై వారి ఆధ్వర్యమున ఒక గ్రంథము సిద్ధమయి, 1956లో ప్రభుత్వ ప్రచురణల విభాగము వారిచే ఢిల్లీలో అచ్చుపడెను. దానికి పీఠిక వ్రాసినది నెహ్రూయే. ఆ సంవత్సరమే రక్షణ విజ్ఞాన ప్రయోగశాలలో ‘రేడియేషన్ సెల్’ అను ఒక చిన్న శాఖ ఏర్పడినది. మన కార్యాలయములలో ‘సెల్’ అనగా ఏమియో చదువరులకు చెప్పనక్కరలేదు: రెండు బల్లలు, నాలుగు కుర్చీలు, ఒక ఉత్తరువు. ఆ సెల్ 1959లో వికిరణ వైద్యకేంద్రమై, 1961లో ఇప్పటి సంస్థ ఆయెను. దానికి తొలి సంచాలకులు బ్రిగేడియరు ఎస్. కె. మజుందార్. సంస్థ ముందరి బాటకు నేడు వారి పేరే కలదు. ఆ బాటనే నేను కూరగాయల సంచితో నడచితిని.

1961లో కొఠారీ గారి తరువాత వైజ్ఞానిక సలహాదారు పదవికి వచ్చినవారు మన సూరి భగవంతము గారు. వారు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిరి, సి. వి. రామన్ గారి శిష్యులు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులుగను, ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగను పనిచేసి, బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థకు సంచాలకులైరి. 1969 వరకు ఢిల్లీలో ఆ బాధ్యతను నిర్వహించిరి. తిమార్‌పూరు సంస్థ పసితనమంతయు ఒక తెలుగువాని ఏలుబడిలో గడచినదని మనము చెప్పుకొనవచ్చును. మనవారు తరచుగా మరచు విషయములలో ఇది యొకటి.

ఇది బాంబు కథ. ఆకాశము కథ వేరు. అది దీనికన్న పాతది.

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా దేశీయుడు విక్టర్ హెస్ ఒక బెలూనునెక్కి 5,300 మీటర్ల ఎత్తునకు పోయెను. గాలిని విద్యుత్కణములుగ విడగొట్టు వికిరణము భూమి నుండియే పుట్టుచున్నచో, పైకి పోయినకొలది అది తగ్గవలెను గదా. మొదట కొంత తగ్గినట్లు కనబడి, పిమ్మట పెరుగసాగెను. మీదికి పోయినకొలది భూమిపై నున్నదానికన్న మిక్కిలి ఎక్కువాయెను. అది పైనుండి వచ్చుచున్నదని హెస్ నిర్ణయించెను. 1936లో అతనికి నోబెలు బహుమానము లభించినది. వీనికి విశ్వకిరణములని మన పత్రికలు పేరుపెట్టినవి. నిజమునకు ఇవి కిరణములు గావు, కణములు. నూటికి 87 పాళ్లు ప్రోటానులు, 12 పాళ్లు హీలియము కేంద్రకములు, మిగిలిన ఒక పాలు అంతకన్న బరువైనవి. ఆ ఒక్క పాలే మన కథలో ప్రతినాయకుడు. అతడు తరువాత ప్రవేశించును.

ఈ కణముల పరిశోధనకు భారతదేశము అనువైన చోటు. ఏలయన భూమి యొక్క అయస్కాంత క్షేత్రము భూమధ్యరేఖ దాపున అన్నిటికన్న గట్టి డాలుగా నుండి, శక్తి తక్కువైన కణములను వెనుకకు త్రిప్పివేయును. హైదరాబాదు నెత్తిన నిట్టనిలువుగా దిగవలెనన్న ఒక కణమునకు సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తి యుండవలెను. ధ్రువములకడ ఇంత నిర్బంధము లేదు. ఈ భేదమును కొలుచుటకే అమెరికా శాస్త్రజ్ఞుడు మిల్లికన్ తన సహచరులతో 1939–40లో ఇచ్చటికి వచ్చి, ఆగ్రా, పెషావరు, బెంగుళూరు పట్టణముల నుండి బెలూనులను ఎగురవేసెను. సెలవులకు ఇంటికి వచ్చి యుద్ధము వలన తిరిగిపోజాలక బెంగుళూరున నిలిచిపోయిన హోమీ భాభా కూడ అచ్చట విశ్వకిరణములనే పరిశోధించుచుండెను. 1945లో ఆయన టాటా ప్రాథమిక పరిశోధన సంస్థను స్థాపించిన పిమ్మట ఆ సంస్థవారు బెలూను ప్రయోగములకు హైదరాబాదును ముఖ్యస్థానముగా చేసికొనిరి. జాతీయ బెలూను కేంద్రము నేటికిని అచ్చటనే పనిచేయుచున్నది.

బెలూననగా పిల్లల బుడగ యనుకొనరాదు. తలవెండ్రుకకన్న పలుచని పాలిథిలీను పొరతో కుట్టిన మహాకాయమది. పనిముట్లను మోసికొని పైకి పోయి, పని ముగిసినంతనే వానిని గొడుగు సాయమున దింపివేయును. అవి తెలంగాణ పల్లెల పొలములలో పడుట వాడుకయే. “ఇట్టి వస్తువు కనబడినచో ముట్టకుడు, పోలీసువారికి తెలుపుడు” అని సంస్థవారు పత్రికలలో ప్రకటింతురు. 2022 డిసెంబరులో వికారాబాదు ప్రాంతమున ఒక పెద్ద గుండ్రని పెట్టె ఇట్లే దిగగా ఊరు ఊరంతయు చూడబోయినది. విహారయాత్రికులను పైకి గొనిపోవుటకై విదేశీయులు తయారుచేసి పరీక్షించిన పెట్టెయట అది.

2005 ఏప్రిల్ 20న హైదరాబాదు నుండి ఎగిరిన ఒక బెలూనును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. దాని పరిమాణము 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. అది మోసిన బరువు 459 కిలోలు. అందు గాలి తీసివేసి సూక్ష్మజీవి లేకుండ శుద్ధిచేసిన 16 ఉక్కు గొట్టములు, వానిని చల్లబరచుటకు ద్రవరూపమున నున్న నియాను కలవు. 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తువరకు అక్కడక్కడ గాలిని పట్టి తెచ్చుట దాని పని. ఆ గాలిని హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందును, పూనాలోని కణ విజ్ఞాన కేంద్రమునందును పరీక్షించిరి. పన్నెండు బాక్టీరియా జాతుల పెరుగుదలలు, ఆరు బూజు జాతులు కనబడినవి. బాక్టీరియాలలో మూడు అంతకుముందు ఎవ్వరును ఎరుగనివి. వానిలో నొకదానికి ఆంగ్ల ఖగోళజ్ఞుడు హోయిలు పేరును, ఒకదానికి మన అంతరిక్ష సంస్థ పేరును, మూడవదానికి ఆర్యభటుని పేరును పెట్టి 2009 మార్చిలో లోకమునకు ప్రకటించిరి. ఈ మూడును అతినీలలోహిత కాంతికి తమ దగ్గరి జ్ఞాతులకన్న ఎక్కువ ఓర్చుకొనగలవు. భూమిపై మనలను కాపాడు ఓజోను పొరలో తేలుచు, దానికి పైని కూడ బ్రదుకు జీవకణమున్నదని హైదరాబాదు చూపించినది. అతినీలలోహిత కాంతిని ఓర్చుట వేరు, విశ్వకిరణములను ఓర్చుట వేరు. ఆ రెంటిని కలిపి గంతులు వేయరాదు. ఐనను జీవకణము ఎంత మొండిదో దీనివలన తెలియుచున్నది.

పైకి పోవుటకు మారుగా క్రిందికి పోయినవారును కలరు. చిత్తూరు సీమ నుండి మన తెలుగువారు ఎందరో కూలికి పోయిన కోలారు బంగారు గనులలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, టాటా సంస్థవారు యంత్రములనుంచిరి. ఆకాశమున పుట్టిన కణములలో ఆ రాతిని చొచ్చి అంత లోతునకు చేరునవి అత్యల్పము. ఆ నిశ్శబ్దమునందే 1965లో, వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను పట్టిరి. గనులు 2001లో మూతపడినవి.

మనము నేలమీద సుఖముగ నుండుటకు అయస్కాంతపు డాలొకటియే కారణము గాదు. మన తలపై నున్న గాలి బరువు పది మీటర్ల లోతు నీటి బరువుతో సమానము. అనగా మనమందరము ఒక పెద్ద చెరువు అడుగున నివసించుచున్నాము. వ్యోమగామి ఆ చెరువు దాటి గట్టుపైకి పోయినవాడు.

అచ్చట అతని దేహమునకు ఏమి జరుగును? మన దేహమునందలి దాదాపు ప్రతి జీవకణమునందును సుమారు రెండు మీటర్ల పొడవుగల డి.ఎన్.ఏ. తంతువు ముడుచుకొని యున్నది. అది రెండు పేటల త్రాడు. ఒక పేటలోని వ్రాతకు రెండవ పేటలో సరిజోడు వ్రాత యుండును. మన భాషలో చెప్పవలెనన్న, అసలు కాగితమును, దాని కార్యాలయ ప్రతియును ఒకే కట్టలో నున్నవి. ఒక కాగితము చినిగినచో రెండవదానిని చూచి మరల వ్రాయవచ్చును. జీవకణము ఈ పనిని నిత్యము తప్పులేకుండ చేయుచున్నది. రెండును ఒకే చోట చినిగినచో గుమాస్తా ఏమి చేయును? తోచినట్లు అతికించును. ఒక్కొక్కప్పుడు వేరొక దస్త్రపు ముక్కను తెచ్చి దీనికి అంటించును. క్రోమోసోములలో ఇట్టి అతుకులను సూక్ష్మదర్శినిలో చూచి లెక్కపెట్టవచ్చును. వ్యోమగాముల రక్తమును ప్రయాణమునకు ముందును, వెనుకను తీసి శాస్త్రజ్ఞులు పరీక్షించునది ఈ అతుకులనే.

చింపునది ఎట్లు చింపును? రెండు విధములు. కణము సూటిగా తగిలి త్రెంచుట ఒకటి. దేహములో విస్తారముగ నున్న నీటిని విడగొట్టి, అందుండి పుట్టిన తీక్ష్ణమైన ముక్కలచేత త్రెంచుట రెండవది. ఎక్సురే వలన కలుగు గాయములు వాన చినుకులవలె చెదరి యుండును. బరువైన కేంద్రకము అట్లుగాదు. అది తన దారిపొడుగునను దగ్గరదగ్గరగా గాయములు చేయుచు పోవును. ఒక కణము చేయు హాని ఇంచుమించు దాని విద్యుదావేశపు వర్గమును బట్టి పెరుగును. ప్రోటాను ఆవేశము 1; ఇనుప కేంద్రకపు ఆవేశము 26. ఇరువదియారును ఇరువదియారుచే గుణించిన 676. ఇందాక నేను ప్రతినాయకుడని చెప్పినది ఇతనినే. ఇట్టి కణములు సంఖ్యకు తక్కువయైనను, ఒకటి పోయిన దారిలో అసలు కాగితము, ప్రతి రెండును పలుచోట్ల చినిగిపోవును.

చంద్రుని వైపు పోయిన అపోలో యాత్రికులకు కండ్లు మూసికొన్నను చీకటిలో మెరుపులు కనబడెను. 1969లో తిరిగివచ్చిన ఆల్డ్రిన్ ఆ సంగతి చెప్పెను. అవి కంటిలోపలి పొరను దాటిపోవుచుండిన విశ్వకణములు. తమ దేహమును విశ్వకణము చొచ్చుటను మానవులు కన్నులార చూచినది అదే మొదటిసారి. 2001లో 295 మంది అమెరికా వ్యోమగాముల కండ్లను గూర్చిన పరిశీలన ప్రకటితమైనది. వికిరణము ఎక్కువ తగిలినవారిలో శుక్లములు ఎక్కువగను, త్వరగను కనబడినవి. సూర్యుని తుపానులు వేరొక అపాయము. 1972 ఏప్రిల్‌లో అపోలో 16, డిసెంబరులో అపోలో 17 చంద్రునికి పోయివచ్చినవి. ఆ రెంటికిని నడుమ ఆగస్టులో ఘోరమైన సౌరతుపాను వచ్చెను. ఆ సమయమున చంద్రునిపై మనుష్యుడు నడచుచుండినచో జబ్బుపడెడివాడని తరువాతి లెక్కలు చెప్పుచున్నవి. తిథి మంచిదైనదని మన పెద్దలందురు గాబోలు. నేడు సూర్యుని కనిపెట్టి యుండుటకు మన ఆదిత్య–ఎల్1 కలదు; 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరి, 2024 జనవరి 6న తన స్థానమును చేరెను.

కవల సోదరుల పరీక్ష కూడ పేర్కొనదగినది. స్కాట్ కెల్లీ 2015–16లో 340 దినములు పైన నుండగా అతని కవల సోదరుడు మార్క్ నేలపై నుండెను. ఇరువురి దేహములను పోల్చిన ఫలితములు 2019లో వెలువడినవి. స్కాట్ క్రోమోసోముల కొసలు పైనున్నపుడు పొడవై, దిగిన వెంటనే కురచలైనవి. క్రోమోసోములలో తలక్రిందులైన ముక్కలు ఎక్కువగా కనబడి, వచ్చిన తరువాతను కొన్ని నిలిచి యుండెను. మిగిలిన మార్పులలో చాలవరకు మొదటి స్థితికి వచ్చినవి.

ఇట్టివి అంతరిక్షమునకే చెందునని మనము నిశ్చింతగ నుండరాదు. 2010 ఏప్రిల్‌లో ఇదే ఢిల్లీలో, మాయాపురి పాత ఇనుము అంగళ్లకు వేలములో వచ్చిన ఒక యంత్రమును విడగొట్టగా అందు కోబాల్టు–60 కలదు. ముట్టినవారి చేతులు నల్లబడెను, వెండ్రుకలు రాలెను, ఒకడు మరణించెను. ఆ దినములలో నేను క్రొత్తగా ఉద్యోగమున చేరియుంటిని. దస్త్రము నుండి ఒక వస్తువు పేరు కొట్టివేసినంత మాత్రమున దానిలోని గుణము పోదని అప్పుడు తెలిసినది.

ఇక కొలతలు. వికిరణము దేహమునకు చేయు హానిని మిల్లీసీవర్టులలో కొలుతురు. నేలపై మనకు ప్రకృతి నుండి సంవత్సరమునకు లోకపు సగటున 2.4 తగులును. మన పిల్లలను చూచుటకు అమెరికా పోవు విమానములో కొన్ని వందవవంతులు మాత్రమే, భయపడనక్కరలేదు. వికిరణముతో పనిచేయు ఉద్యోగికి మన దేశమున అయిదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మించరాదు. అంతరిక్ష కేంద్రమున దినమునకు ఇంచుమించు అర మిల్లీసీవర్టు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తగులును. హైదరాబాదు నుండి వలసపోయిన ఇంజనీరు కుమారుడగు రాజాచారి 2021 నవంబరు మొదలు 2022 మే వరకు 177 దినములు పైన నుండెను. అర చొప్పున వేసినను సుమారు 90 అగును. మన ఉద్యోగికి నాలుగేండ్లకు పైబడిన మోతాదు ఆరు మాసములలో. శిరీష బండ్ల 2021 జూలై 11న చేసిన యాత్ర నిమిషములలో ముగిసినది. దానికి ఈ లెక్క అక్కరలేదు. అంగారకునికి పోవుట వేరు సంగతి. 2011లో బయలుదేరిన క్యూరియాసిటీ నౌక దారిలో కొలిచినది దినమునకు 1.8. పోవుటకు, వచ్చుటకు కలిపి 360 దినములనుకొనినను సుమారు 650 అగును. అచ్చట నివసించిన దినములది వేరుగ కూడవలెను.

ఆపుటకు సీసపు పలకలు పనికిరావా యని నేను మా అమ్మాయినడిగితిని. రావు. బరువైన లోహమును విశ్వకణము ఢీకొన్నపుడు క్రొత్త కణములు పుట్టి, ఒక దొంగకు మారుగ పదిమంది వత్తురు. హైడ్రోజను ఎక్కువగ నున్న నీరు, పాలిథిలీను మేలు. అంతరిక్ష కేంద్రమున పండుకొను గదులకు పాలిథిలీను పలకలను బిగించిరి. హైదరాబాదులో పలుచని పొరయై పైకెగిరిన వస్తువే అచ్చట దిమ్మయై కాపలా కాయుచున్నది.

అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు వత్తును. అమె చెప్పినది నిజమే. అమెరికా అంతరిక్ష సంస్థవారు చాలకాలము వ్యోమగామికి జీవితకాలపు పరిమితిని వయస్సును బట్టి, స్త్రీపురుష భేదమును బట్టి నిర్ణయించుచుండిరి. వికిరణము వలన క్యాన్సరు వచ్చి మరణించు అవకాశము నూటికి మూడు మించరాదని సూత్రము. స్త్రీలకు రొమ్ము, అండాశయము, ఊపిరితిత్తుల క్యాన్సరుల భయము ఎక్కువ కనుక వారి పరిమితి తక్కువ. వయస్సు చిన్నదైనకొలది ఇంకను తక్కువ. అందుచే ఒకే నౌకలో, ఒకే అనుభవము గలవారిలో స్త్రీకే ముందు తలుపు మూతపడెడిది. 2022లో ఆ పద్ధతిని మార్చి, స్త్రీపురుషులకు, అన్ని వయస్సులవారికిని జీవితమునకు 600 మిల్లీసీవర్టులని ఒకే అంకెను పెట్టిరి. 35 ఏండ్ల స్త్రీకి తగినట్లు గట్టిన లెక్కనే అందరికి వర్తింపజేసిరి. ఒకరి హక్కును పెంచుటకు బదులు అందరి పరిమితిని ఆమె పరిమితికి తెచ్చిరని విమర్శింపవచ్చును. నాకు మాత్రము ఇది న్యాయముగనే తోచినది. ఐనను అంగారక యాత్ర ఒక్కదానితోనే 600 దాటుచున్నది గదా! నియమమును సడలింతురో, నౌకను బాగుచేయుదురో, మినహాయింపు దస్త్రమొకటి తెరుతురో చూడవలెను. మూడవదానిపైననే నాకు నమ్మకము ఎక్కువ.

ఆ ‘నూటికి మూడు’ అను లెక్కకు ఆధారమేమి? వ్యోమగాములు కొన్ని వందలమందియే. అంత కొద్దిమంది నుండి క్యాన్సరు లెక్కలు తేలవు. ఆధారము హిరోషిమా, నాగసాకి. 1945లో ఆ నగరములలో బ్రతికి బయటపడినవారిని, వారితో పోల్చుటకు ఇతరులను కలిపి, ఇంచుమించు 1,20,000 మందిని 1950 మొదలు జీవితాంతము వరకు పరిశీలించుచు వచ్చిరి. ఎవరికి ఎంత తగిలినది, ఎవరు ఏ వ్యాధితో పోయిరి అను పట్టికలు అవి. నేడు ఒక యువతి ఎన్ని దినములు ఆకాశమున నుండవచ్చునో నిర్ణయించుటకు ఆనాడు మండిపోయిన వీథులలో నడచిన ఆడవారి మరణములే మూలము. ఒక్క క్షణమున తగిలిన దెబ్బకును, నెలల తరబడి తగులు తుంపరకును భేదము కలదు. బరువైన కేంద్రకములు ఆ బాంబులలో లేవు. లెక్కలో సందేహము మిగిలియున్నది అందుకే. 1956లో ఢిల్లీలో తెరచిన రెండు బల్లల సెల్‌కును, 2025లో మా అమ్మాయి అడిగిన ప్రశ్నకును సంబంధము ఇచ్చటనే నాకు దొరకినది.

మన దస్త్రము ఇంకను నడచుచున్నది. 2019 సెప్టెంబరులో రక్షణ పరిశోధన సంస్థకును, అంతరిక్ష సంస్థకును గగనయానమును గూర్చి ఒడంబడికలు జరిగినవి. వ్యోమగాముల ఆహారము, ఆరోగ్యపు పర్యవేక్షణ, గొడుగులు, వానితోపాటు వికిరణమును కొలుచుట, దానినుండి కాపాడుట రక్షణవారి వంతు. అప్పుడు ఆ సంస్థకు అధ్యక్షులు నెల్లూరు జిల్లావారగు సతీష్ రెడ్డి గారు. భగవంతము గారి తరువాత మరల ఒక తెలుగు సంతకము ఈ దస్త్రముపై పడినది. గగనయానపు తొలి యాత్ర భూమికి చేరువగా, కొలది దినములే కనుక మోతాదు స్వల్పము. చంద్రునివద్ద అట్లుగాదు, చైనావారి నౌక అచ్చట కొలిచినది దినమునకు 1.3 మిల్లీసీవర్టులకు పైమాట.

ఈ వ్యాసమును ఇంటివారికి చదివి వినిపించితిని. అమ్మాయి రెండు అంకెలను సరిదిద్దినది. మా అమ్మగారు మూలన కూర్చుండి వినుచుండిరి. వారికి ఇప్పుడు డెబ్బది దాటినవి. ప్రతి ఉదయము థైరాయిడు మాత్ర వేసికొనుచు ఆరోగ్యముగనే యున్నారు. అంతయు విని, “అయితే పైనుంచి వచ్చినవాళ్లను కూడా పిల్లల దగ్గరికి రానివ్వరా, బాబూ?” అని అడిగిరి.

రానిత్తురని చెప్పితిని. ఆమెకు ఇచ్చిన అయొడిను దేహములోపల నుండి వెలువరించునది; కొన్ని దినములు ఆమెయే ఒక దీపము. వ్యోమగామికి తగిలినది పైనుండి వచ్చి, దాటిపోయినది. గాయము మిగులును గాని దీపము మిగులదు. భూమికి దిగిన శుక్లా తన భార్యను, చిన్న కుమారుని కౌగిలించుకొన్న చిత్రము పత్రికలలో వచ్చినది. అమ్మాయి దానిని తన ఫోనులో వెదకి అమ్మగారికి చూపినది. ఆమె కండ్లజోడు తెప్పించుకొని చాలసేపు చూచిరి.